సంఖ్యావృక్షములు - సహజ సంఖ్యల ప్రస్తారములు

పది కుర్చీలలో పదిమంది విద్యార్థులను కూర్చుండబెట్టుటకు 36,28,800 విధములు కలవు. ఇట్టి ఒక్కొక్క అమరికను గణితశాస్త్రమునందు ప్రస్తారము అందురు. పదిమందియు కూర్చుండినారనియు, ఏ ఇద్దరును ఒకే కుర్చీని పంచుకొనలేదనియు తెలిసినచో చాలును. ఏ కుర్చీయైనను ఖాళీగా మిగిలినదా యని చూడనక్కరలేదు. లెక్క పరిమితమైనది గనుక కుర్చీలన్నియు నిండియే యుండును.

సహజ సంఖ్యల విషయము ఇంత సులభముగా తేలదు. 1, 2, 3, 4 అనుచు అంతములేక సాగు సంఖ్యలకు, అంతములేక సాగు కుర్చీల వరుస ఒకటి యున్నదనుకొనుడు. ప్రతి సంఖ్యయు తన రెట్టింపు సంఖ్యగల కుర్చీలో కూర్చున్నదనుకొనుడు. 1కి రెండవ కుర్చీ, 2కు నాలుగవ కుర్చీ, 3కు ఆరవ కుర్చీ లభించును. సంఖ్యలన్నింటికిని చోటు దొరకినది. ఏ రెండును ఒకే చోటికి రాలేదు. అయినను 1, 3, 5 మొదలగు బేసి కుర్చీలన్నియు ఖాళీగానే యున్నవి. కావున అనంతమైన సమితికి ప్రస్తారము నిర్మించునపుడు రెండు విషయములను వేర్వేరుగా నిరూపింపవలెను. ఏదియు రెండుమారులు రాకూడదు, ఏదియు తప్పిపోకూడదు. ఇంటర్మీడియట్ విద్యార్థులు మొదటి గుణముగల ప్రమేయమును అన్వేకమనియు, రెండవ గుణముగల దానిని సంగ్రస్తమనియు, రెండును గల దానిని ద్విగుణ ప్రమేయమనియు చదువుకొందురు.

అంతములేని జాబితాను చివరివరకు చదివి సరిచూచుట ఎవరికిని సాధ్యము కాదు. అట్లయినచో ఏ సంఖ్యయు తప్పిపోలేదని నిశ్చయముగా చెప్పుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఒక చక్కని సమాధానము, కొమ్మకొమ్మకు రెండేసి కొమ్మలు చీలుచు పెరుగు సంఖ్యావృక్షములలో లభించుచున్నది.

సంఖ్యయే దారి

కాగితముపై భాగమున 1 వ్రాయుడు. దాని క్రింద ఎడమవైపు 2ను, కుడివైపు 3ను వ్రాయుడు. ఇదే విధముగా ప్రతి సంఖ్యకును ఎడమ పిల్లగా దాని రెట్టింపును, కుడి పిల్లగా రెట్టింపునకు 1 కలుపగా వచ్చిన సంఖ్యను వ్రాయుచు పోయినచో ఈ క్రింది వరుసలు వచ్చును.

1
2, 3
4, 5, 6, 7
8, 9, 10, 11, 12, 13, 14, 15

ఇది వేరు పైకిని, కొమ్మలు క్రిందికిని గల వృక్షము. సంఖ్య వ్రాయబడిన ప్రతి చోటును కణుపు అనవచ్చును. మొదటి వరుసలో ఒక కణుపు, రెండవ వరుసలో రెండు, మూడవ వరుసలో నాలుగు, నాలుగవ వరుసలో ఎనిమిది కణుపులు ఉండును.

ఒక కణుపును చేరుటకు ఏ దారిన పోవలెనో ఆ సంఖ్యయే చెప్పును. 0, 1 అను రెండంకెలతోనే సంఖ్యలను వ్రాయు పద్ధతిని ద్విసంఖ్యామానము అందురు. ఈ పద్ధతిలో 13ను 1101 అని వ్రాయుదురు; ఏలయన 13 = 8 + 4 + 0 + 1. మొట్టమొదటి 1ని విడిచి, మిగిలిన 101ని దారిసూచనగా చదువుడు. 0 అనగా ఎడమ, 1 అనగా కుడి. వేరునుండి కుడికి పోయినచో 3, అక్కడినుండి ఎడమకు పోయినచో 6, మరల కుడికి పోయినచో 13 వచ్చును. ద్విసంఖ్యామానములో రెట్టించుట అనగా చివర ఒక సున్నను చేర్చుటయే గనుక ఇట్లు జరుగుచున్నది.

తిరుగు దారియు సులభమే. సరి సంఖ్యయైనచో సగము చేయవలెను. బేసి సంఖ్యయైనచో 1 తీసివేసి సగము చేయవలెను. 13నుండి 6, 6నుండి 3, 3నుండి 1. ప్రతి సంఖ్యకును తల్లి కణుపు ఒక్కటే. ఆ తల్లి ఎల్లప్పుడును పిల్లకంటె చిన్న సంఖ్యయే. ఈ రెండు మాటలను గుర్తుంచుకొనవలెను. ముందు రాబోవు నిరూపణమంతయు వీటిపైననే ఆధారపడియున్నది.

పింగళుని ప్రస్తారము

ప్రస్తారమను మాట తెలుగు విద్యార్థులకు గణిత తరగతికంటె ముందే ఛందస్సులో పరిచితము. మూడక్షరముల గణములు ఎనిమిది. గురువును గ అనియు, లఘువును ల అనియు వ్రాసినచో, పింగళుని ఛందశ్శాస్త్రములోని ప్రస్తార క్రమము ఇట్లుండును: మగణము (గగగ), యగణము (లగగ), రగణము (గలగ), సగణము (లలగ), తగణము (గగల), జగణము (లగల), భగణము (గలల), నగణము (లలల).

ఈ వరుసలో ఫలానా సంఖ్యగల గణము ఏది యని తెలిసికొను పద్ధతికి నష్టమని పేరు. సంఖ్య సరియైనచో ఒక లఘువు వ్రాసి సగము చేయవలెను; బేసియైనచో ఒక గురువు వ్రాసి, 1 కలిపి సగము చేయవలెను. ఆరవ గణము కావలెననుకొనుడు. 6 సరి గనుక ల, సగము 3. అది బేసి గనుక గ. 1 కలిపి సగము చేయగా 2. అది సరి గనుక ల. లగల అనగా జగణము. గణము నిచ్చినపుడు దాని వరుస సంఖ్యను కనుగొను విలోమ పద్ధతి ఉద్దిష్టము. నష్టము, ఉద్దిష్టము అను నీ రెండును సంఖ్యనుండి దారికిని, దారినుండి సంఖ్యకును పోవు రెండు నడకలే.

ఇప్పుడు ఇవే గణములను వృక్షముపై ఉంచి చూడుడు. మొదటి అక్షరము గురువైనచో ఎడమకు, లఘువైనచో కుడికి తిరుగవలెను. రెండవ, మూడవ అక్షరములకును ఇదే నియమము. కొమ్మల కొనలను ఎడమనుండి కుడికి చదివినచో మ, త, ర, భ, య, జ, స, న అను క్రమము వచ్చును. పింగళుని వరుస సంఖ్యలలో చెప్పినచో ఇది 1, 5, 3, 7, 2, 6, 4, 8. ఎనిమిదియు వచ్చినవి, కాని క్రమము మారినది. కారణ మేమనగా, పింగళుని ప్రస్తారములో మొదటి అక్షరము వెంటవెంటనే మారును. వృక్షములో చివరి అక్షరము వెంటవెంటనే మారును. ఒకదానిలోని దారిని వెనుకనుండి చదివినచో రెండవది వచ్చును.

వృక్షమంతటికిని ఈ క్రియను వర్తింపజేయవచ్చును. ద్విసంఖ్యామానములో మొదటి 1ని కదల్పక, మిగిలిన అంకెలను వెనుకనుండి ముందుకు వ్రాసినచో సహజ సంఖ్యలు 1, 2, 3, 4, 6, 5, 7, 8, 12, 10, 14, 9, 13, 11, 15, అను క్రమమున అమరును. ఇది విద్యార్థుల వినోదమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. 1965లో కూలీ, ట్యూకీ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన వేగవంతమైన ఫోరియర్ పరివర్తన పద్ధతిలో, ధ్వని మొదలగు సంకేతములనుండి తీసికొన్న కొలతలను కంప్యూటరు సాధారణముగా ఈ క్రమములోనే తిరుగవ్రాసికొనును.

ఈ ప్రస్తారములో ఏదియు తప్పిపోదని నమ్ముటకు శ్రమ లేదు. ఒక వరుసలోని సంఖ్య ఆ వరుసలోనే యుండును, వరుస పరిమితమైనది, అంకెలను రెండుమారులు తిరుగవేసినచో మొదటి సంఖ్యయే వచ్చును. సంఖ్యలు తమ వరుసలను విడిచి ఎంతో దూరము పోవు వృక్షములలోనే అసలు చిక్కు కలదు.

ప్రధాన సంఖ్యల వృక్షము

ముందుగా నియమము చెడినచో ఏమగునో చూడుడు. ప్రతి సంఖ్యకును ఎడమ పిల్ల దాని రెట్టింపు, కుడి పిల్ల దాని మూడు రెట్లు అని నియమమును పెట్టినచో 1కి 2, 3 పుట్టును. 2కు 4, 6 పుట్టును. 3కు 6, 9 పుట్టును. 6 రెండుమారులు వచ్చినది. 5 ఎన్నటికిని రాదు. రెండు దోషములును ఒకే వృక్షమున కనబడుచున్నవి.

ఇక వేరొక నియమము. ఈ వృక్షమునకు వేరు 2. కుడి పిల్లను పొందుటకు సంఖ్యను రెట్టింపవలెను. ఎడమ పిల్లను పొందుటకు సంఖ్యను ప్రధాన కారణాంకములుగా విడదీసి, ప్రతి ప్రధాన సంఖ్యకు బదులు దాని తరువాతి ప్రధాన సంఖ్యను ఉంచవలెను. అనగా 2కు బదులు 3, 3కు బదులు 5, 5కు బదులు 7. ఉదాహరణకు 6 = 2 × 3 గనుక దాని ఎడమ పిల్ల 3 × 5 = 15; కుడి పిల్ల 12. మొదటి నాలుగు వరుసలు ఇవి.

2
3, 4
5, 6, 9, 8
7, 10, 15, 12, 25, 18, 27, 16

ఈ వృక్షమును మొదటి వృక్షముపై పరచినట్లు భావించినచో ప్రతి సంఖ్యకును ఒక స్థాన సంఖ్య ఏర్పడును. 2 మొదటి స్థానమున, 3 రెండవ స్థానమున, 9 ఆరవ స్థానమున ఉన్నవి. ప్రధాన కారణాంకములు లేని 1ని వృక్షమునకు ముందు, సున్న స్థానమున ఉంచుదురు. ఇట్లు చదువగా వచ్చు 1, 2, 3, 4, 5, 6, 9, 8, 7, 10, 15, 12 మొదలగు జాబితాకు దౌడ్నా అనుక్రమమని పేరు. నీల్ స్లోన్ 1964లో పూర్ణాంకముల అనుక్రమములను సేకరింప మొదలిడి, 1973లో వానిని గ్రంథముగా ప్రకటించెను. 1996నుండి అంతర్జాలమున లభించుచున్న ఆయన నిఘంటువులో ఈ అనుక్రమము 5940వ సంఖ్యతో చేర్చబడియున్నది.

వృక్షపు కుడి అంచున 2, 4, 8, 16 అనుచు రెండు యొక్క ఘాతములు దిగుచుండును. ఎడమ అంచున 2, 3, 5, 7, 11 అనుచు ప్రధాన సంఖ్యలన్నియు దిగుచుండును. ఇక్కడ ఒక సందేహము కలుగక మానదు. 97 అను సంఖ్య ఈ జాబితాలో ఉన్నదా? అది ఇరువదియైదవ ప్రధాన సంఖ్య గనుక ఇరువదియైదవ వరుసకు మొదట ఉండవలెను. ఆ స్థాన సంఖ్య 1,67,77,216. ఎవరైనను ఓపికతో కోటి స్థానములు వెదకినను 97 కనబడదు. వెదకి విసిగినవాడు అది తప్పిపోయినదని తీర్మానించినచో ఆ తీర్మానము పొరపాటే. కంటితో సరిచూచుట ఎంత దూరము సాగినను అనంతము విషయమున సాక్ష్యముగా నిలువదు.

వెనుకకు దిగు నిరూపణము

పైనుండి క్రిందికి వెదకుటకు బదులు, ఆ సంఖ్య దగ్గరనే నిలిచి వేరువైపు నడచినచో సందేహము వెంటనే తీరును.

మొదట పునరుక్తి లేదని చూపవలెను. కుడి పిల్లలన్నియు సరి సంఖ్యలు. ఎడమ పిల్లలన్నియు బేసి సంఖ్యలు. ఏలయన తరువాతి ప్రధాన సంఖ్యలను ఉంచిన పిమ్మట 2 అను కారణాంకము మిగులదు. కావున ఏ సంఖ్యయు ఒకచోట ఎడమ పిల్లగను, మరియొకచోట కుడి పిల్లగను రాదు. సరి సంఖ్యకు తల్లి దాని సగమే. బేసి సంఖ్యకు తల్లి, ప్రతి ప్రధాన కారణాంకమునకు బదులు దాని ముందరి ప్రధాన సంఖ్యను ఉంచగా వచ్చునది. ఏ సంఖ్యనైనను ప్రధాన సంఖ్యల లబ్ధముగా ఒకే విధముగా వ్రాయగలమను అంకగణిత మూల సిద్ధాంతమువలన ఆ తల్లియు ఒక్కటే. ప్రతి సంఖ్యనుండి వేరునకు తిరుగు దారి ఒక్కటే గనుక ఒకే సంఖ్య రెండు కణుపులలో ఉండజాలదు.

తరువాత లోపము లేదని చూపవలెను. 2కంటె పెద్దదగు ఏ సంఖ్యను తీసికొన్నను దానికి తల్లి యున్నది. ఆ తల్లి దానికంటె చిన్నది, కాని 2కంటె చిన్నది కాదు. తల్లికి తల్లి ఇంకను చిన్నది. సహజ సంఖ్యలు ఇట్లు తగ్గుచు తగ్గుచు అంతములేక పోజాలవు, ఎక్కడనో ఆగవలసినదే. తల్లి లేని సంఖ్య 2 ఒక్కటే గనుక ఆగునది అక్కడనే. అనగా ప్రతి సంఖ్యయు వేరుతో ముడిపడియే యున్నది. 97నుండి 89, 83, 79 అనుచు దిగినచో ఇరువదినాలుగు మెట్లలో 2 వచ్చును. కోటి స్థానములు వెదకినను తేలని మాట ఇరువదినాలుగు మెట్లలో తేలినది.

ఈ నడకయే స్థానమును గూడ చెప్పును. 45 ఎక్కడ ఉన్నది? 45 = 3 × 3 × 5. బేసి గనుక దాని తల్లి 2 × 2 × 3 = 12; ఇది ఎడమ మెట్టు. 12కు తల్లి 6, 6కు తల్లి 3. ఈ రెండును కుడి మెట్లు. 3కు తల్లి 2. ఇది ఎడమ మెట్టు. వేరునుండి చదివినచో దారి ఎడమ, కుడి, కుడి, ఎడమ, అంకెలలో 0110. ముందు 1 చేర్చినచో 10110, అనగా 22. కావున 45 ఇరువదిరెండవ స్థానమున ఉన్నది.

దిగుడు మెట్లు లేని చోట

తల్లి ఎల్లప్పుడును పిల్లకంటె చిన్నదిగా నుండుట ఎంతటి భాగ్యమో, అది లేనిచోట తెలియును. ఏదైన ఒక సంఖ్యను తీసికొని, సరియైనచో సగము చేయుడు. బేసియైనచో మూడు రెట్లు చేసి 1 కలుపుడు. 1 వచ్చువరకు ఇట్లే సాగింపుడు. 6తో ఆరంభించినచో 3, 10, 5, 16, 8, 4, 2, 1 వచ్చును. జర్మను గణితజ్ఞుడు లోథార్ కొలాట్జ్ పేరుతో ప్రసిద్ధమైన సమస్య యిది. ప్రతి సంఖ్యకును ఈ నియమము చూపు తరువాతి సంఖ్యనే తల్లిగా భావించినచో, 1 వేరుగా ఇక్కడను ఒక వృక్షము పెరుగును. తల్లి ఒక్కటే గనుక ఏ సంఖ్యయు రెండుమారులు రాదు. ఆ సగము నిరూపణము సులభము.

మిగిలిన సగమే కొరకరాని కొయ్య. ఇక్కడ తల్లి ఒక్కొక్కప్పుడు పిల్లకంటె పెద్దది. 27కు తల్లి 82. 27నుండి బయలుదేరినవాడు 9,232 వరకు ఎక్కి, మొత్తము 111 మెట్లు నడచినగాని 1ని చేరడు. 2020లో ప్రకటింపబడిన గణనలో 2 యొక్క 68వ ఘాతము వరకు గల సంఖ్యలన్నియు 1ని చేరునని కంప్యూటర్లతో సరిచూడబడినది. అయినను సహజ సంఖ్యలన్నియు ఆ వృక్షములో ఉన్నవని ఎవరును నిరూపింపలేదు. కోటి స్థానములలో కనబడని 97ను తలచుకొన్నచో, ఈ గణనకును నిరూపణమునకును గల దూరము స్పష్టమగును.

ప్రస్తారమని తేలిన పిదప కూడ ప్రశ్నలు ముగియవు. కొలాట్జ్ 1932లో తన టిప్పణ పుస్తకమున మరియొక నియమమును వ్రాసికొనెను. మూడుచే భాగింపబడు సంఖ్యకు బదులు దానిలో మూడింట రెండు వంతులు తీసికొనవలెను. భాగింపబడనిచో, భాగఫలమును నాలుగు రెట్లు చేసి, శేషము 1 అయినపుడు 1ని, శేషము 2 అయినపుడు 3ను కలుపవలెను. మొదటి విధమున సరి సంఖ్యలన్నియు, తక్కిన రెండు విధములవలన బేసి సంఖ్యలన్నియు ఒక్కొక్కమారు వచ్చును గనుక ఇది సహజ సంఖ్యల ప్రస్తారమే. దీనిలో 2నుండి 3, 3నుండి మరల 2 వచ్చును. 4నుండి 5, 7, 9, 6 వచ్చి, మరల 4 వచ్చును. కాని 8నుండి 11, 15, 10, 13, 17, 23, 31, 41, 55, 73, 97 అనుచు సాగు పరంపర ఎప్పుడైనను తిరిగి 8ని చేరునా, చేరదా అనునది నేటికిని తేలలేదు.

తరగతి గదికి

ఉపాధ్యాయులు ఈ విషయమును ఎనిమిదవ తరగతినుండియే నేర్పవచ్చును. కారణాంకములుగా విడదీయుట, సగము చేయుట తెలిసినచో చాలును. విద్యార్థులచే ప్రధాన సంఖ్యల వృక్షమునకు ఐదవ వరుసను వ్రాయించి, అందు 11 మొదటను, 32 చివరను వచ్చినవో లేదో చూపింపవలెను. పిమ్మట ఈ ప్రశ్నలను ఇయ్యవచ్చును.

1. ప్రధాన సంఖ్యల వృక్షములో 100 ఏ స్థానమున ఉన్నది?
2. అదే వృక్షములో 100వ స్థానమున ఏ సంఖ్య ఉన్నది?
3. ఎడమ పిల్ల రెట్టింపు, కుడి పిల్ల రెట్టింపునకు 3 కలుపగా వచ్చునది అని నియమమును పెట్టి, 1 వేరుగా వృక్షమును పెంచినచో సహజ సంఖ్యలన్నియు వచ్చునా?

జవాబులు: మొదటిదానికి 51, రెండవదానికి 605. మూడవదానికి రావు; 3కు తల్లి కాదగినది 0 మాత్రమే, అది వృక్షములో లేదు. విద్యార్థి జవాబును మాత్రము చెప్పిన చాలదు. ఏ సంఖ్యనుండి ఏ సంఖ్యకు దిగెనో మెట్టు వెంట మెట్టుగా వ్రాసి చూపవలెను. ఆ మెట్లే నిరూపణము.